చెరువుల డేటాబేస్‌ను లినక్స్‌కు మార్చే ముందు జాగ్రత్తలు

భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల ఆక్సిజన్ రీడింగులున్న డేటాబేస్‌ను విండోస్ నుంచి లినక్స్‌కు తరలించేవారు ముందుగా బ్యాకప్ తీసుకొని, ప్రతి టైమ్‌స్టాంప్ (రీడింగు తీసిన సమయం) కాలమ్ సెకనులో దశాంశ బిందువు తరువాత ఎన్ని అంకెల వరకు దాస్తుందో చూసుకోవాలి.

విండోస్ సమయాన్ని 100 నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు) మెట్లలో, లినక్స్ ఒక్కో నానోసెకను చొప్పున ఇవ్వగలవు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మాత్రం 6 అంకెల దగ్గర, అంటే మైక్రోసెకను దగ్గర ఆగిపోతుంది కనుక, ప్రోగ్రామ్‌లో ఉన్న సమయాన్ని డేటాబేస్ నుంచి తిరిగి చదివిన సమయంతో సమానమా అని పోల్చే కోడ్ ఉంటే దానిని వెతికి, రాసేటప్పుడే 6 అంకెలకు కుదించాలి.

మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో అంకెలు పేర్కొనని కాలమ్ సెకను భిన్నాన్ని దాచదు. మామూలు సెట్టింగులో దానిని కత్తిరించదు కూడా, దగ్గరి సెకనుకు సవరిస్తుంది: రాత్రి 23:59:59.7కు వచ్చిన రీడింగు మరుసటి రోజు లెక్కలో పడుతుంది. రోజువారీ మేత లెక్క కట్టే రైతుకు ఇది చిన్న తేడా కాదు.

రెండు మెషీన్లూ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉండాలి. కొన్ని వరుసలను రెండు వైపులా అంకె అంకె పోల్చిన తరువాతే పాత సర్వర్‌ను ఆపాలి.