1953 ఎల్డొరాడో మీద వేలం పాడే ముందు

జనవరిలో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో పాత కార్ల వేలాలు జరుగుతాయి. అమెరికాలో ఉంటున్న మన వాళ్లెవరైనా 1953 కాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే కారు) మీద మనసు పడితే, కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి.

ఆ ఏడాది తయారైనవి 532 మాత్రమే. అప్పటి ధర 7,750 డాలర్లు, అదే కంపెనీ సిరీస్ 62 కన్వర్టిబుల్‌కు దాదాపు రెట్టింపు. అమెరికా అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారం చేసిన రోజు ఊరేగింది ఎల్డొరాడోలోనే. అలాంటి బండి లైట్ల కింద మెరుస్తుంటే ఎవరికైనా చెయ్యి ఆగదు. కాబట్టి చూడాల్సినవన్నీ ప్రివ్యూలోనే, అంటే వేలానికి ముందు బండ్లు చూడనిచ్చే సమయంలోనే, చూసేయండి.

రంగు సంగతి చివర్లో. ముందు కింద పడుకుని చూడండి. పైకప్పు లేని బండికి బలమంతా ఫ్రేమ్‌లో, ఫ్లోర్‌లో, తలుపుల కింది భాగంలో ఉంటుంది. అక్కడ తుప్పు తింటే బండి మధ్యలో కుంగుతుంది. తలుపు మూసి దాని అంచు వెంట సందు చూడండి. పైన ఇరుకై, కింద వెడల్పుగా ఉంటే అనుమానించాల్సిందే. యజమానిని అడిగి, పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతంతో చక్రాల చుట్టూ, తలుపుల అడుగున తడమండి. పట్టు వదిలిన చోట రంగు కింద పుట్టీ మందంగా ఉన్నట్టే.

రంగు వేయకముందు తీసిన ఫొటోలు తప్పకుండా అడగండి. ఉత్త రేకు కనిపించే ఫొటో ఒక్కటీ లేకపోతే, నేనైతే ఆ బండికి పూర్తి రెస్టోరేషన్ (పాత బండిని విప్పి మళ్లీ కొత్తదానిలా చేయడం) ధర పెట్టను. పనిచేసినవాళ్ల బిల్లులు ఉంటే ఇంకా మంచిది.

పక్కలకు వంపు తిరిగిన ముందు అద్దం, మధ్యలో కిందికి దిగిన తలుపుల అంచు, మడిచిన టాప్‌ను పూర్తిగా దాచేసే ఇనుప మూత ఈ మోడల్‌ ప్రత్యేకతలు. వీటిలో ఏది పాడైనా బదులు దొరకడం మహా కష్టం. అద్దం మీద పగుళ్లు, మసక మచ్చలు దగ్గరగా వెతకండి. టాప్‌ను మీ కళ్లెదుటే ఎత్తించి దించమనండి. అది హైడ్రాలిక్‌తో నడుస్తుంది, కారితే లోపలి సీట్లు, రంగు రెండూ పాడవుతాయి.

ఆ కాలపు కాడిలాక్‌లకు ఇంజిన్ నంబరే రిజిస్ట్రేషన్ నంబరు. టైటిల్ పత్రం (యాజమాన్య పత్రం)లోని నంబరు ఇంజిన్ మీది నంబరుతో కలవకపోతే, ఎంత నచ్చినా వదిలేయండి. గేర్‌బాక్స్ బ్యూయిక్ వారి డైనాఫ్లో అయితే మాత్రం వెంటనే తోసేయొద్దు. కాడిలాక్‌కు మామూలుగా వేసే గేర్‌బాక్స్ హైడ్రామాటిక్. 1953 ఆగస్టులో మిషిగన్‌ రాష్ట్రం లివోనియాలోని దాని ఫ్యాక్టరీ కాలిపోయాక కొన్ని కాడిలాక్‌లకు దాన్నే బిగించారు.

పాడిన ధర మీద బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము), ఆపైన రవాణా, ఇన్సూరెన్స్ పడతాయి. అవన్నీ కలుపుకొని మీ హద్దు కాగితం మీద రాసుకోండి. చాలా వేలాల్లో బండి ఉన్నది ఉన్నట్టే అమ్ముతారు, తర్వాత గొడవ పడినా లాభం ఉండదు.

కొన్నాక ఇంటిదాకా నడిపించుకు రావొద్దు, ట్రక్కు మీద తెప్పించుకోండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, వాటన్నిటికీ బ్రేక్ ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ ఒకటే. ఒక్క గొట్టం పగిలినా పెడల్ నేలకు ఆనుతుంది. బ్రేక్ గొట్టాలు, సిలిండర్లు విప్పించి చూపించండి. ఇంధనం రబ్బరు గొట్టాలు పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌ను తట్టుకునేవేనా అడగండి. సీటు బెల్టులు పెట్టించుకోండి. ఆ తర్వాతే ఖాళీ పార్కింగ్‌లో మెల్లగా నడిపి, బ్రేకులు పడుతున్నాయని తేలాక రోడ్డెక్కండి.