బిగుసుకున్న సైకిల్ తాళం: ఏం చేసినా సరే, తాళంచెవి మీద బలం చూపించకండి

మొన్న నాకు తెలిసిన ఒక కాలేజీ కుర్రాడి చేతికి కుట్లు పడ్డాయి. సైకిల్ మీంచి పడి కాదు, అసలు సైకిల్ ఎక్కనేలేదు. తాళం రావట్లేదని చెవిని ప్లయర్‌తో పట్టుకుని మెలితిప్పాడు. చెవి పుటుక్కున విరిగింది, ఆ ఊపులో పిడికిలి వెళ్లి పెడల్ దగ్గరి పళ్లచక్రానికి కొట్టుకుంది. చేయి చీలింది, సగం చెవి తాళంలోనే ఉండిపోయింది, సైకిల్ కదల్లేదు.

వానలు మొదలయ్యే ముందు ఇది రాయడానికి కారణం ఉంది. ఎండాకాలమంతా లోపల పేరుకున్న దుమ్ముకి తొలి తడి తగలగానే తాళాలు మొరాయిస్తాయి. మంచి తాళం కొనండి, రెండో చెవి జాగ్రత్త పెట్టుకోండి లాంటివి అందరికీ తెలిసినవే, వాటిని వదిలేస్తున్నాను. చాలామంది చేతులారా పాడుచేసుకునేది ఒక్క చోటే. చెవి తిరగకపోతే ఇంకాస్త గట్టిగా తిప్పుతారు.

ఎందుకు తిప్పకూడదో చెబుతాను. మామూలు తాళాల్లో చాలావాటికి లోపల ఒక చిన్న సిలిండర్, దాన్ని అడ్డగిస్తూ వరసగా పిన్నులు, వాటి వెనక స్ప్రింగులు ఉంటాయి. చెవి మీది గాట్లు ఒక్కో పిన్నును సరిగ్గా దాని ఎత్తుకు లేపితేనే సిలిండర్ తిరుగుతుంది. 1860లలో అమెరికాలో లైనస్ యేల్ పేటెంట్ తీసుకున్న ఏర్పాటు దాదాపు ఇదే. అంటే చెవి చేసే పని కొలత సరిచూపడం, తాళాన్ని లొంగదీయడం కాదు. ఇసుక రేణువు అడ్డుపడి ఒక్క పిన్ను వెంట్రుకవాసి కింద ఆగినా సిలిండర్ తిరగదు. అప్పుడు మీరు పెట్టే బలమంతా చెవి మీదే పడుతుంది. చెవి ఇత్తడిదో, అలాంటి మెత్తని లోహానిదో అయి ఉంటుంది, గాట్లు కోసిన చోట ఇంకా సన్నం. రెండు వేళ్లతో తిప్పుతున్నంతసేపు ‘ఇక చాలు’ అని ఆ వేళ్లకే తెలుస్తుంది. ప్లయర్ పట్టుకుంటే ఆ సంగతి తెలియదు. విరిగాకే తెలుస్తుంది.

ముందు ఏది పట్టేసిందో చూడండి

చెవి పూర్తిగా లోపలికి దిగట్లేదా? అయితే మురికి. రాయితో తట్టి దింపకండి. టార్చి వేసి రంధ్రంలోకి చూడండి. తాళాన్ని రంధ్రం కిందికి ఉండేలా తిప్పి డబ్ల్యూడీ 40 లాంటి స్ప్రే కొట్టండి, మురికి కిందికి కారిపోతుంది. రంధ్రం పైకి పెట్టి కొడితే అదే మురికి ఇంకా లోతుకి పోతుంది. తర్వాత చెవిని తిప్పకుండా కేవలం లోపలికి, బయటికి ఆడించండి. ప్రతిసారీ గుడ్డతో తుడవండి. గుడ్డకి నల్లగా అంటుతున్నంతసేపు ఇదే పని.

దిగుతోంది కానీ తిరగట్లేదా? నూనె కోసం పరిగెత్తకముందు తాళం మీద లాగుడు ఉందేమో చూడండి. సైకిల్ పక్కకి ఒరిగి బరువంతా యూ లాక్ (U ఆకారపు తాళం) కడ్డీ మీద పడినా, చైన్ బిగుతుగా లాగి వేసినా లోపలి గడియ ఒత్తుకుని ఉంటుంది. ఇంకొకరిని సైకిల్ కొంచెం ఎత్తి పట్టుకోమనండి. కడ్డీని తాళంలోకి ఇంకాస్త నొక్కి, అప్పుడు రెండు వేళ్లతో తిప్పి చూడండి. ‘జామ్ అయిపోయింది’ అని తెచ్చే తాళాల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇంతే. కొన్ని ఖరీదైన తాళాల్లో పిన్నులకి బదులు తిరిగే బిళ్లలు ఉంటాయి. వాటిలో చెవిని పూర్తిగా దించి, ముందు మూసే వైపుకి చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే తెరిచే వైపుకి తిప్పాలి. లేకపోతే బిళ్లలు వరసలోకి రావు. అరిగిన చెవి కూడా ఇలాగే మొండికేస్తుంది. రెండో చెవితో చూడండి. అరిగిన చెవినే చూసి కొత్తది కోయిస్తే ఆ అరుగుదల కూడా అందులోకి వచ్చేస్తుంది.

తిరుగుతోంది కానీ కడ్డీ ఊడట్లేదా? తుప్పు కడ్డీ దూరే రంధ్రాల దగ్గర ఉంటుంది. అందరూ చెవి రంధ్రంలోనే స్ప్రే కొట్టి ఊరుకుంటారు, ఆ రెండు చోట్లా కొట్టరు. కొట్టి పావుగంట ఆగండి. తర్వాత చెవిని తెరిచిన వైపు మెత్తగా పట్టుకుని, చెక్కముక్కతో తాళం ఒంటిని తడుతూ కడ్డీని ముందుకీ వెనక్కీ కదపండి.

తెరుచుకుంది కానీ చెవి బయటికి రావట్లేదా? లాగకండి. చాలా తాళాల్లో సిలిండర్ మొదటి స్థానానికి రాకపోతే పిన్నులు చెవిని వదలవు. తిన్నగా వెనక్కి తిప్పండి, అదే వస్తుంది.

వెనక చక్రానికి ఉండే రింగ్ లాక్ సంగతి వేరే చెప్పాలి. దాని కడ్డీ చక్రం పుల్లల (స్పోకుల) మధ్యలోంచి వెళ్తుంది, ఏదో ఒక పుల్ల దాన్ని ఒత్తుకుని ఉంటే చెవి తిరగదు. చక్రాన్ని కొంచెం ముందుకీ వెనక్కీ కదిపి, పుల్ల వదిలిన చోట తిప్పండి. కడ్డీ సగం వెనక్కి వచ్చి ఆగిపోతే మాత్రం ‘ఇంటిదాకా మెల్లగా పోదాం’ అనుకోకండి. గతుకులో అది జారి పుల్లల్లోకి వచ్చిందంటే వెనక చక్రం ఆ క్షణమే ఆగిపోతుంది. పుల్లలు విరుగుతాయి, మీరు రోడ్డు మీద ఉంటారు. దిగి, వెనక చక్రం ఎత్తి పట్టుకుని నడిపించండి.

నూనెల గొడవ

వంటనూనె వద్దు. ఆ రోజు తాళం వస్తుంది, కొన్నాళ్లకి అదే నూనె జిగటగా మారి దుమ్ముని పట్టుకుని కూర్చుంటుంది. చెవి రంధ్రంలో గ్రీజు అసలే వద్దు. డబ్ల్యూడీ 40 చాలా ఇళ్లలో ఉంటుంది, మంచిదే. కానీ అది దేనికి పుట్టిందో తెలుసుకుని వాడండి. 1953లో అమెరికాలో రాకెట్ల పరిశ్రమ కోసం లోహానికి తేమ పట్టకుండా తయారుచేశారు, 40 అంటే 40వ ప్రయత్నానికి కుదిరిన ఫార్ములా. తడిని తరిమేయడానికి, మురికి కడగడానికి అది చాలు. కడిగి ఆరనిచ్చాక లోపల మిగలాల్సింది మాత్రం పొడి లూబ్రికెంట్. గ్రాఫైట్ పొడి కావచ్చు, టెఫ్లాన్ ఉన్న పొడి స్ప్రే కావచ్చు. ఏదో ఒకటే. నూనె తడి ఉండగా గ్రాఫైట్ వేస్తే నల్లటి బంకమన్నులా ముద్దకట్టి పిన్నుల్ని పట్టేస్తుంది.

స్ప్రే కొట్టే ముందు బ్రేకుల వైపు ఒక్కసారి చూడండి. రింగ్ లాక్ రిమ్ పక్కనే ఉంటుంది, యూ లాక్‌ని కూడా చాలామంది చక్రానికే వేస్తారు. తుంపర రిమ్ మీదో డిస్క్ మీదో పడితే బ్రేకు పట్టదు. డిస్క్ బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చాయంటే తుడిస్తే పోదు, చాలాసార్లు మార్చాల్సిందే. తాళం వచ్చిన సంబరంలో ఎక్కి దిగుడులో వేగంగా పోయేవాళ్లకి ఇది మొదటి మలుపులో తెలుస్తుంది. గుడ్డ అడ్డం పెట్టి, సన్నని గొట్టం తగిలించి కొట్టండి. తర్వాత తోసుకుంటూ రెండు బ్రేకులూ పట్టి చూసి, అప్పుడు ఎక్కండి.

ఇవన్నీ చేశాక కూడా చెవి తిరగకపోతే? మళ్లీ చెబుతున్నాను, బలం వద్దు. ప్లయర్ వద్దు. చెవి తలకాయ రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పడం వద్దు, అది కూడా ప్లయరే.

చెవి అప్పటికే విరిగిపోయి ఉంటే, మిగిలిన ముక్కని ఇంకో చెవితో లోపలికి తోయకండి.

విరిగిన కొసకి సూపర్ గ్లూ రాసి అతికించి లాగే ఉపాయం చూసి మోసపోకండి. జిగురు పిన్నుల మీదికి పాకితే ఆ తాళం ఇక ఎవరి చేతికీ రాదు.

సిలిండర్ పక్కకి తిరిగి ఉన్నప్పుడు ముక్క విరిగితే, ముందు సిలిండర్‌ని సన్నని స్క్రూడ్రైవర్‌తో మొదటి స్థానానికి తేవాలి. తర్వాతే సన్నని పట్టకారో, సన్న పళ్ల రంపపు బ్లేడో గాట్లకి తగిలించి లాగాలి.

విరిగిన రెండు ముక్కలూ పారేయకండి. వాటిని చూసి కొత్త చెవి కోయవచ్చు.

లైటర్ వద్దు. ఇప్పుడే స్ప్రే కొట్టిన తాళం దగ్గర నిప్పు అంటే మంటే. కొట్టకపోయినా పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరిగి రంధ్రంలోకి కారుతుంది.

గడ్డకట్టే చలి ఉన్న చోట తాళంలో మంచు పడితే వేడినీళ్లు పోయకండి, ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి. ఆల్కహాల్ ఉన్న డీఐసర్ (మంచు కరిగించే ద్రవం) వాడండి.

నంబర్ లాక్ అయితే కడ్డీని లాగుతూ నంబర్ల చక్రాలు తిప్పకండి. ముందు కడ్డీని లోపలికి నొక్కి వదులు చేయండి.

సుత్తితో కడ్డీ మీద కొట్టకండి. గట్టిపరిచిన ఉక్కు పెచ్చులుగా ఎగురుతుంది, కళ్లలోకి.

కోయాల్సిందే అని తేలితే తెలిసినవాళ్లతో కోయించండి. లోహం కోసే చిన్న యాంగిల్ గ్రైండర్ డిస్క్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. లాగుడులో ఉన్న కడ్డీని కోస్తుంటే కోసిన సందు మూసుకుని డిస్క్‌ని పట్టేస్తుంది, యంత్రం వెనక్కి, మీ మీదికి తన్నుతుంది. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరకి రానివ్వకండి, డిస్క్ మీది గార్డు తీసేసి కోయనివ్వకండి. డిస్క్ మధ్య రింగు మీద గడువు తేదీ ఉంటుంది, దాటితే వాడనివ్వకండి. ఎలక్ట్రిక్ సైకిలైతే బ్యాటరీ తీసి దూరంగా పెట్టాకే మొదలుపెట్టాలి. టైర్లకి తడిగుడ్డ కప్పండి. నిప్పురవ్వలు టైరుకి తగిలితే ఆ దెబ్బ అప్పటికప్పుడు కనిపించదు.

కొన్ని యూ లాక్‌లకి రెండు వైపులా గడియ ఉంటుంది. ఒక చోట కోసి, కడ్డీని చేత్తో వంచబోయి వేళ్లు నలగ్గొట్టుకోకండి. రెండో చోటా కోయించండి.

కోసే చోట సైకిల్ మీదేనని చూపించే బిల్లో, ఫోటోనో, చాలా సైకిళ్లకి పెడళ్ల దగ్గర ఫ్రేమ్ అడుగున ఉండే నంబరో దగ్గర పెట్టుకోండి.

వంగిన చెవిని సుత్తితో నిటారు చేసి మళ్లీ వాడకండి. అది ఈసారి విరుగుతుంది.

తెరుచుకున్న తాళాన్ని ‘ఇప్పుడు బాగానే ఉందిగా’ అని వెంటనే సైకిల్‌కి వేసేయకండి. చేతిలో పట్టుకుని, దేనికీ తగిలించకుండా పదిసార్లు వేసి తీయండి. అందులో ఒక్కసారి పట్టేసినా దాన్ని పక్కన పడేసి వేరేది కొనుక్కోండి.