అడవి దారుల కోసం డర్ట్ బైక్ కొనే ముందు

ముందు సీటు ఎత్తు చూడండి. షోరూం నేల చదునుగా ఉంటుంది, అడవి అలా ఉండదు. తడి వేరు మీద ముందు చక్రం జారి బండి పక్కకు ఒరిగినప్పుడు కాలు ఆనకపోతే మీరూ దాంతో పాటే పడతారు. రైడింగ్ బూట్లు వేసుకునే కూర్చుని చూడండి. రెండు పాదాల ముందు భాగమైనా నేలకు ఆనాలి.

- బండిని పడుకోబెట్టి, ఒక్కరే లేపి చూడండి. కష్టమైతే అది మీ బండి కాదు.
- మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద జంపులతో సాగే రేసు) బండి వద్దు. దాని గట్టి సస్పెన్షన్ పెద్ద జంపుల కోసం. చెట్ల మధ్య నెమ్మదిగా పోయేటప్పుడు చేతులు పీకేస్తాయి. అడవి దారులకు తగ్గట్టు చేసిన ట్రైల్ లేదా ఎండ్యూరో రకం తీసుకోండి. వీటికి వెనక చక్రం సాధారణంగా 18 అంగుళాలు, మోటోక్రాస్‌కి 19. చిన్న చక్రానికి టైరు గోడ ఎత్తుగా ఉండి రాళ్ల దెబ్బను తట్టుకుంటుంది.
- కొత్తవారికి 450 సీసీ అసలు వద్దు.
- హ్యాండ్ గార్డులు, ఇంజిన్ కింద రాళ్ల దెబ్బ తగలకుండా కాచే స్కిడ్ ప్లేట్ ఉండాలి.
- సైలెన్సర్‌లో నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ ఉందో లేదో తప్పకుండా అడగండి. ఎండుటాకులకు ఒక్క నిప్పురవ్వ చాలు.

సెకండ్ హ్యాండ్ అయితే ఎయిర్ ఫిల్టర్ తీసి, దాని వెనక ఇంజిన్‌కి వెళ్లే గొట్టంలో వేలు పెట్టి తుడవండి. మట్టి అంటితే అది ఇంజిన్‌లోకీ పోయి ఉండొచ్చు, ఆ బండిని వదిలేయండి.