ఫ్యాను ఐదులో పెట్టినా ఉడికిపోతున్నారా? తేడా ఎక్కడ కొడుతోందో చూడండి

మాది పల్నాడు. ఎండల వార్తల్లో రెంటచింతల పేరు వచ్చినప్పుడల్లా చుట్టాలు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతుంటారు, ఏం చెప్తాం, ఉన్నాం అంటాం. పైగా మేముండేది మేడమీద పోర్షన్, ఏసీ లేదు, పెట్టుకునే ఉద్దేశం కూడా ఇప్పట్లో లేదు (ఆ కరెంటు బిల్లు చూస్తే వేరే రకం చెమటలు పడతాయి). నాలుగు ఎండాకాలాలు నానా ప్రయోగాలూ చేశాక నాకు అర్థమైంది ఒక్కటే, వేడి ఎటునుంచి వస్తోందో చూసుకోకుండా ఏం కొన్నా డబ్బులు దండగ. కాబట్టి మీ ఇంట్లో ఏది జరుగుతోందో అది చూసుకుని అక్కడ్నుంచి చదవండి.

సమస్య: పగలు ఎలాగో గడిచిపోతుంది, రాత్రి పదింటికి గది పొయ్యిలా ఉంటుంది

బయట గాలి చల్లబడింది, వరండాలో బానే ఉంది, లోపలికొస్తే మాత్రం మొహాన ఆవిరి కొట్టినట్టుంటుంది. స్టూలెక్కి శ్లాబుకి అరచెయ్యి ఆనించి చూడండి (ముందు ఫ్యాను ఆపండి బాబూ). వెచ్చగా తగిలిందా, దొంగ దొరికినట్టే.

కారణం: కాంక్రీటు గబుక్కున వేడెక్కదు, ఎక్కిందా గబుక్కున దిగదు. మధ్యాహ్నం డాబా మీద పడ్డ వేడి శ్లాబులోంచి మెల్లగా కిందివైపుకి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, ఇక అక్కడ్నుంచి రాత్రంతా మన నెత్తిన వదులుతూనే ఉంటుంది. పైగా మే నెలలో మనకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, హైదరాబాద్‌లో అయితే మే 9 దరిదాపుల్లో మిట్టమధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకి నీడే పడదు. అంటే ఆ టైములో గోడలకంటే డాబాకే ఎక్కువ దెబ్బ, మనమేమో కిటికీలకి కర్టెన్లు మారుస్తూ కూర్చుంటాం.

పరిష్కారం: సున్నం. నేను చేసినవాటిలో పెట్టిన డబ్బుకి బాగా పనికొచ్చింది ఇదే. డాబా ఊడ్చి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ముందు రోజు నానబెట్టిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోటింగులు వెయ్యాలి, ఒకటి ఆరాకే ఇంకోటి. ఎండలో వేస్తే పొడిపొడిగా రాలిపోతుంది, సాయంత్రం మొదలుపెట్టండి. సున్నపురాయి నీళ్లలో వెయ్యగానే కుతకుతా ఉడుకుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ వాడొద్దు, పిల్లల్ని పక్కకి రానివ్వొద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం, కళ్లద్దాలు పెట్టుకోండి. తెల్లటి డాబా ఎండని వెనక్కి కొట్టేస్తుంది, అంతకుమించి ఇందులో మహత్యం ఏమీ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది కూడా ఈ లెక్క మీదే. కాకపోతే దుమ్ము పట్టి నల్లబడితే పని తగ్గిపోతుంది, వానలకి కొట్టుకుపోతుంది, ఏటా ఉగాదిలోపు మళ్లీ వేసుకోవాల్సిందే.

అద్దె ఇల్లు, ఓనరు ఒప్పుకోలేదు అనుకోండి (మా ఓనరు ఆంటీ మొదటి ఏడాది "డాబా పాడవుతుందమ్మా" అని ససేమిరా అంది, రెండో ఏడాది ఆవిడే మనిషిని పిలిపించి వేయించింది), అప్పుడు కొబ్బరాకులో తాటాకులో పరచండి, లేదంటే గ్రీన్ నెట్ కట్టండి. నెట్ మాత్రం డాబాకి ఆనించి పరిస్తే పెద్ద ఉపయోగం లేదు, కింద గాలి ఆడేటట్టు కర్రలు పాతి కాస్త ఎత్తులో కట్టాలి, పెళ్లి పందిరిలాగా.

నీళ్లు కొట్టడం గురించి చాలామంది అడుగుతారు. మిట్టమధ్యాహ్నం బకెట్లకి బకెట్లు పోస్తే కాసేపట్లో ఆవిరైపోయి శ్లాబు మళ్లీ మామూలే. ఎండ వాలాక, గోనె పట్టాలు పరిచి వాటిని తడిపితే తక్కువ నీళ్లతో ఎక్కువసేపు తడి ఉంటుంది. ట్యాంకర్ కొనుక్కునే వీధుల్లో అయితే ఈ పని అసలొద్దు, సున్నమే నయం.

సమస్య: కిటికీలన్నీ బార్లా తీసిపెట్టాం, అయినా వేడే

తీసిపెట్టారు కాబట్టే వేడి. బయట 43 డిగ్రీల వడగాలి తోలుతుంటే దాన్ని పిలిచి కూర్చోబెట్టడం దేనికి. గాలాడకపోతే ఎలారా అని మా అమ్మ రోజూ గొడవే, చివరికి ఒకరోజు ఒక గది మూసి, ఒక గది తీసి, మధ్యాహ్నం రెండింటికి రెండు గదుల్లోకీ వెళ్లి చూడమన్నా, అప్పుడు నమ్మింది.

పొద్దున తొమ్మిదిలోపు మూసెయ్యండి, చీకటిపడి బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తీసి పొద్దున్నదాకా అలాగే ఉంచండి, దోమతెరలు బిగించుకుంటే భయం ఉండదు. పడమటి కిటికీ ఒక్కటే మీ చేతిలో ఉందనుకుంటే దానికే ఖర్చు పెట్టండి, సాయంకాలపు ఎండ ఏటవాలుగా నేరుగా లోపలికి దూరుతుంది. నీడ బయటవైపు ఉండాలి, అద్దం దాటి లోపలికొచ్చిన ఎండని కర్టెన్ ఆపేదేముంది, కర్టెనే వేడెక్కి కూర్చుంటుంది. వెదురు తడికో, పాత చాపో, వట్టివేళ్ల తడకో బయట వేలాడగట్టండి. వట్టివేళ్లు తడిపితే వచ్చే ఆ వాసన కోసమైనా ఒకసారి కట్టాలి, మా తాతగారింట్లో రోజుకి మూడుసార్లు తడపడం పిల్లల డ్యూటీ.

సమస్య: ఫ్యాను వేడిగాలి కొడుతోంది

ఫ్యాను తప్పేం లేదు. అది గదిని చల్లబరచదు, మన చెమటని ఆరబెడుతుంది అంతే, చల్లదనం అందులోంచి వస్తుంది. గదిలో గాలి మన చర్మం కంటే వేడిగా ఉంటే అదే గాలి మనల్ని కాల్చడం మొదలుపెడుతుంది, 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. అలాంటప్పుడు మొహం, మెడ, చేతులు తడుపుకుంటూ ఉండండి, తడి తువ్వాలు భుజాల మీద వేసుకోండి, కుదిరితే కింద పోర్షన్లోకి వెళ్లి కూర్చోండి, మొహమాటపడొద్దు.

సమస్య: కూలర్ పెట్టాక ఒళ్లంతా జిడ్డు, ఊపిరాడనట్టు ఉంది

రెండు కారణాలుంటాయి. ఒకటి, తలుపులు బిగించి కూలర్ వేశారు. నీళ్లు ఆవిరైతేనే చల్లదనం, ఆ తేమ బయటకి పోయే దారి లేకపోతే కాసేపటికి గదిలో గాలికి ఇంక తేమ పట్టదు, అక్కడితో చల్లదనం ఆగిపోయి ఉక్కపోత మిగులుతుంది. కూలర్ వీపు బయటి గాలికి ఉండేలా కిటికీలో పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ కొంచెం తీసి ఉంచండి. పైన చెప్పిన కిటికీల రూలుకి ఇదొక్కటే మినహాయింపు.

రెండోది ఊరు. రెంటచింతల, కర్నూలు, రామగుండం లాంటి పొడి ఎండల చోట కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నేను కాకినాడలో రెండేళ్లున్నాను, అక్కడ గాలే తడిగుడ్డలా ఉంటుంది, కూలర్ వేస్తే ఉన్న ఉక్కకి ఇంకాస్త కలిపినట్టే. సముద్రం పక్కనుంటే కూలర్, తడి దుప్పట్లు వేలాడదీయడం ఇవన్నీ మర్చిపోయి ఫ్యాను, ఎదురుగాలి, రెండుపూటలా స్నానం వీటినే నమ్ముకోండి.

సమస్య: కుండ కొన్నాం గానీ నీళ్లు చల్లబడట్లేదు

కుండకి పెయింటు వేసి ముగ్గులు వేసుంటే అదే కారణం. నీళ్లు మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి చెమర్చి ఆరితేనే లోపల చల్లబడుతుంది, పెయింటు వాటిని మూసేస్తుంది. మామూలు కుండైనా పాతబడితే నీళ్లలో ఉప్పు పేరుకుని పూడుకుపోతుంది, కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది ఒకరోజు ఎండలో పెట్టి చూడండి, సబ్బు మాత్రం వద్దు, మట్టి పీల్చేసుకుని నీళ్లకి ఆ వాసనే వస్తుంది. అప్పటికీ చెమర్చకపోతే కొత్తది తెచ్చుకోవడమే. ఇంకోటి, చాలామంది స్టవ్ పక్కన మూల పెడతారు. గాలి తగిలే నీడలో, తడి ఇసుక మీద పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టండి. పైన చెప్పిన కాకినాడ గోల దీనికీ వర్తిస్తుంది.

సమస్య: నీళ్లు తాగుతూనే ఉన్నా, అయినా నీరసం, కాళ్ల పిక్కలు పట్టేస్తున్నాయి

చెమటతో పోయేది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉత్త నీళ్లే పోస్తుంటే సగమే భర్తీ అవుతుంది. పల్చటి మజ్జిగలో ఉప్పు, కాస్త నిమ్మరసం వేసి తాగండి, పెద్దవాళ్లు పొద్దున్నే చద్దన్నం, తరవాణి తాగి పొలానికి పోయింది ఊరికే కాదు. బయట తిరిగే పనైతే లీటరు నీళ్లకి తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతోనే సుమా, అదే ఇంటి ఓఆర్ఎస్. ఉప్పు ఎక్కువైతే మంచిది కాదు, కొలిచే వెయ్యండి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ముందు డాక్టర్ని అడగండి. ముంజలు, పుచ్చకాయ, కొబ్బరిబోండం తినండి తాగండి, కూల్ డ్రింకు మాత్రం గొంతు దాకానే చల్లన.

చెమటకాయలకి ఒక్కమాట: పౌడరు గుప్పించకండి, చెమట రంధ్రాలు మూసుకుపోయే అవి వచ్చేది, మీరు ఇంకా పూడ్చినట్టవుతుంది. చల్లటి స్నానం, వదులు కాటన్ బట్టలు, అంతే.

ఇది వస్తే ఇంట్లో ప్రయోగాలొద్దు

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని ధీమా పడొద్దు, పనిచేస్తూ పడిపోయినవాళ్లకి చెమట ఉండొచ్చు కూడా. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, బండి వచ్చేలోపు నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, పొరపోతుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు, కాస్త పడుకుంటే తగ్గిపోతుందిలే అనుకునే జబ్బు కాదిది.

ఆఖరిది: స్నానం చేద్దామంటే కుళాయిలో వేన్నీళ్లు

నల్ల ట్యాంకు, ఎండలో పైపులు, ఇంకేమొస్తాయి. ట్యాంకుకి గోనె పట్టాలు చుట్టి తాడుతో కట్టండి, డాబాకి వేసిన సున్నం మిగిలితే బయటకి కనిపించే పైపులకీ పూసెయ్యండి, తొందరగా రాలుతుంది గానీ ఆ నెలన్నర గట్టెక్కిస్తుంది. అదీ కుదరకపోతే మేం చేసేది చెయ్యండి, పొద్దున ఆరింటికే రెండు బకెట్లు పట్టి బాత్రూంలో మూలకి మూత పెట్టి ఉంచుతాం. సాయంత్రానికి ఎవరు ముందు వస్తే వాళ్లవి, మా ఇంట్లో దీని మీద జరిగే గొడవకి మాత్రం పరిష్కారం నా దగ్గర లేదు.