చీకట్లో లోడు ఎత్తేటప్పుడు సెల్‌ఫోన్ లైటు పట్టుకునే పని తప్పింది

నల్లగొండ వైపు బత్తాయి తోటల్లో లోడు ఎత్తేసరికి ఎట్లాగూ చీకటి పడుతుంది. ఒకరు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడాలి. అంటే ఒక మనిషి పని పోయినట్టే.

మా పికప్‌కు ఇలా చేశాను. వంటింటి డ్రాయర్లకు వాడే 12 అంగుళాల ఛానెల్ ఒక జత, 18 వాట్ల 12 వోల్టుల ఎల్‌ఈడీ లైటు ఒకటి తెచ్చాను. క్యాబిన్ వెనక ఇనుప ఫ్రేముకు ఛానెళ్లు బిగించి, వాటి కొసకు అడ్డంగా పట్టీ వేసి లైటు పెట్టాను. లాగితే ట్రాలీ మీదికి అడుగు దూరం వస్తుంది, తోస్తే లోపలికి పోతుంది. గతుకుల్లో బయటికి జారకుండా చిన్న తలుపు గడియ ఒకటి. వైరు మాత్రం స్ప్రింగులా సాగే రకమే కొనండి. మామూలు వైరు నలిగి తెగుతుంది, నాకు తెగింది కూడా. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే 5 ఆంపియర్ల ఫ్యూజు, ఆ తర్వాత స్విచ్. ఈ లైటు లాగేది 1.5 ఆంపియర్లే.

పాత 55 వాట్ల హాలోజన్ లైటు పెడదామనుకుంటే మాత్రం ఇది పనికిరాదు. అది నాలుగున్నర ఆంపియర్ల పైనే లాగుతుంది. ఇంజన్ ఆపి గంటలకొద్దీ వెలిగిస్తే పొద్దున బండిని నలుగురు తోయాల్సిందే.