బెస్సీ కోల్‌మన్ జీవితాన్ని వ్యాసంగా రాయడం ఎలా?

పాఠశాల పత్రికకో మహిళా దినోత్సవ సంచికకో బెస్సీ కోల్‌మన్ గురించి రాసేవారు, అంతర్జాతీయ పైలట్ లైసెన్సు పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ అని మొదలుపెట్టి నాలుగు పొగడ్తలతో ముగించడం పరిపాటి. అలా రాస్తే ఆమె ఘనత తెలుస్తుంది గానీ, దానికోసం ఆమె ఎంత పోరాడవలసి వచ్చిందో తెలియదు. అందువల్ల రాయడానికి ముందే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆమెకు ఎక్కడెక్కడ అడ్డు తగిలింది, అప్పుడు ఆమె ఏం చేశారు?

బాల్యాన్ని క్లుప్తంగా ముగించండి. 1892 జనవరి 26న టెక్సాస్‌లోని అట్లాంటా అనే చిన్న ఊళ్లో పుట్టారు; వాక్సహాచీలో పత్తి చేలలో పనిచేస్తూ చదువుకున్నారు; 1915లో షికాగో చేరి, క్షౌరశాలలో గోళ్లు తీర్చిదిద్దే పనిలో కుదిరారు. ఇంతవరకు చాలు.

విమానం నేర్చుకున్న ఘట్టానికి మాత్రం ఎక్కువ చోటు ఇవ్వాలి. నల్లజాతి స్త్రీ అన్న కారణంతో అమెరికాలోని శిక్షణ పాఠశాలలు చేర్చుకోకపోతే, షికాగో డిఫెండర్ పత్రికాధిపతి రాబర్ట్ అబ్బాట్ సలహాపై ఆమె ఫ్రెంచి నేర్చుకొని, 1920 నవంబరులో ఫ్రాన్స్‌కు ఓడెక్కారు. ల క్రొటోయ్‌లో కౌద్రాన్ సోదరుల పాఠశాలలో చేరి, తోటి విద్యార్థి ఒకరు ప్రమాదంలో మరణించడం కళ్లారా చూసి కూడా శిక్షణ వదలక, 1921 జూన్ 15న లైసెన్సు సాధించారు. ఆ లైసెన్సు మీద పుట్టిన సంవత్సరం 1896 అని ఉంటుంది. అధికారిక పత్రం కదా అని దాన్నే ఎత్తిరాయకుండా, తేదీలను ఒకటికి రెండు ఆధారాలతో సరిపోల్చుకోవాలి.

ఆ తరువాత ఆమె ఇచ్చిన విమాన విన్యాస ప్రదర్శనలను వర్ణించేటప్పుడు సాహసం ఒక్కటే చెబితే సరిపోదు. వాక్సహాచీ ప్రదర్శనకు నల్లవారికి వేరే ద్వారం పెడతామంటే ఆమె ఒప్పుకోలేదు. అందరినీ ఒకే ద్వారం గుండా రానిచ్చారు. లోపల మాత్రం వేర్వేరుగానే కూర్చోబెట్టారు. ఈ రెండో మాటను దాచకుండా రాయాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆమె గెలిచినది ఎంతో, గెలవవలసినది ఇంకెంత మిగిలి ఉందో పాఠకుడికి అప్పుడే అర్థమవుతుంది. చిరిగిన బట్టలతో కనిపించాలన్నందుకు సినిమా అవకాశాన్ని వదులుకున్న సంగతి కూడా ఇక్కడే చేర్చవచ్చు.

మరణాన్ని సంయమనంతో చెప్పాలి. 1926 ఏప్రిల్ 30న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, మర్నాటి ప్రదర్శనలో పారాచూట్‌తో దూకేందుకు అనువైన చోటు చూడాలని ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదు. విమానం నడుపుతున్నది మెకానిక్ విలియం విల్స్. యంత్రభాగాల్లో రెంచీ ఇరుక్కుపోవడంతో విమానం అదుపు తప్పి, ఆమె కిందపడి మరణించారు. విల్స్ కూడా బతకలేదు. అప్పటికి ఆమె వయసు 34 ఏళ్లు.

వ్యాసాన్ని అక్కడ ఆపకండి. నల్లజాతి వారికోసం విమాన పాఠశాల పెట్టాలన్నది ఆమె సంకల్పం. అది ఆమె చేతుల మీదుగా నెరవేరలేదు గానీ, 1929లో నల్లజాతి వైమానికుడు విలియం పావెల్ లాస్ ఏంజెలిస్‌లో ఆమె పేరుతోనే ఏరో క్లబ్బు స్థాపించారు. చివరి పేరాను దానికి కేటాయించండి.