కల్యాణలక్ష్మి, షాదీముబారక్: దరఖాస్తు ఎలా, ఏ షరతు ఎందుకు

పేదింటి ఆడపిల్ల పెండ్లికి తెలంగాణ సర్కారు ఇచ్చే డబ్బు సాయమే కల్యాణలక్ష్మి; మైనారిటీలకు అదే షాదీముబారక్. పెండ్లి కుదరగానే మీసేవకు పోయి ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలకు పెట్టుకోండి. హడావుడి మొదలయ్యాక ఎవరికీ తీరదు. తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. పల్లెల్లో ఉండే బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడినవాళ్లు)లకు ఆ పరిమితి లక్షన్నరే.

అసలు షరతు వయసు. పెండ్లి నాటికి అమ్మాయికి 18 నిండాలి. 2014 అక్టోబరు 2న 51 వేలతో మొదలై 1,00,116 రూపాయలకు పెరిగిన ఈ సాయం వెనక ఒక నమ్మకం ఉంది: డబ్బు వస్తుందంటే తల్లిదండ్రులు 18 దాకా ఆగుతారని. హర్యానాలో 1994లో ఇలాంటి ఆలోచనతోనే ఆడపిల్ల పేరున బాండు ఇచ్చారు. 18 వరకు పెండ్లి కాకుంటేనే ఆ డబ్బు చేతికి. తీరా చూస్తే చాలా ఇండ్లలో దాన్ని పెండ్లి ఖర్చుకు ఇచ్చిన సొమ్ముగానే చూశారు. మన పాలమూరు నుంచి, దేవరకొండ తండాల నుంచి వలసపోయే కుటుంబానికి దిగులు వేరే ఉంటుంది. ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదిలిపోవాలి? ఆ దిగులుతోనే తొందరగా పెండ్లి చేసేస్తారు. హాస్టల్ సీటు ఈ దిగులు తీర్చినంతగా చెక్కు తీర్చదు.

దరఖాస్తు తెలంగాణ ఈపాస్ వెబ్‌సైటులో. అమ్మాయి, అబ్బాయి, అమ్మాయి తల్లి ఆధార్‌లు, వయసు రుజువు, పెండ్లి పత్రిక, పెండ్లి ఫోటో, తల్లి బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ చేసి పెట్టాలి. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉంటే ముందే సరిచేయించుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు. ప్రింటు, జిరాక్సులు తహసీల్దార్ ఆఫీసులో ఇస్తే విచారణ జరుగుతుంది. ఆ తర్వాత ఫైలు ఎమ్మెల్యే దగ్గరికి, మంజూరుకు ఆర్డీవో దగ్గరికి పోతుంది.

చెక్కు తల్లి పేరు మీదే వస్తుంది. ఆడమనిషి చేతికిస్తే డబ్బు ఇంటికే పడుతుందని సర్కారు లెక్క. మంచిదే. కానీ ఆ చెక్కు వచ్చేది పెండ్లి అయిపోయాక. ఈలోగా కూలీలను వలస తీసుకుపోయే గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సో, వడ్డీకి అప్పో తీసుకునే ఉంటారు. అప్పిచ్చినాయన గడపలో కూర్చుంటే చెక్కు ఎవరి పేరున ఉంటే ఏం లాభం? అందుకే ఈ లక్షను నమ్మి ఖర్చు పెంచుకోవద్దు.

వలసపోయే వాళ్లు విచారణ అయ్యేదాకా తల్లినో, నమ్మకమైన బంధువునో ఊళ్లో ఉంచండి. దరఖాస్తులో పనిచేసే ఫోన్ నంబరే రాయండి. దరఖాస్తు నంబరు ఫోటో తీసి దగ్గర పెట్టుకుంటే ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో ఈపాస్‌లోనే చూసుకోవచ్చు.